స్ట్రిక్ట్ టేబుల్

డేటాబేస్ వార్తల్లో తరచూ తగిలే మాట ఇది. ఏ కాలమ్‌లో ఏ రకం సమాచారం ఉండాలో ముందే నిర్ణయించి, మరో రకం వస్తే తిప్పికొట్టే పట్టికే స్ట్రిక్ట్ టేబుల్.

పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్ తీరే అంత: అంకెల కాలమ్‌లో ‘తెలియదు’ అని రాయబోతే ఒప్పుకోదు. 2000లో రిచర్డ్ హిప్ విడుదల చేసిన ఎస్‌క్యూలైట్ దారి వేరు. ‘45’ అని అక్షరాలుగా ఇస్తే అంకెగా మార్చుకుంటుంది; ‘తెలియదు’ను మాత్రం అక్షరాలుగానే అదే కాలమ్‌లో దాచేస్తుంది. రకరకాల వివరాలు ఒకేచోట పెట్టాల్సినప్పుడు ఈ వెసులుబాటు నిజంగా అక్కరకొస్తుంది. చిక్కల్లా, పొరపాటు అప్పటికప్పుడు బయటపడదు. 2021 నవంబరులో వచ్చిన ఎస్‌క్యూలైట్ 3.37 వెర్షన్ కోరుకున్నవారికి ‘స్ట్రిక్ట్’ పట్టికలు ఇచ్చింది. వాటిలోనూ ‘ఎనీ’ రకం కాలమ్ దేన్నైనా తీసుకుంటుంది.

ఆండ్రాయిడ్ ఫోన్లలో ఎన్నో యాప్‌లు సమాచారం దాచేది ఎస్‌క్యూలైట్‌లోనే. అయితే స్ట్రిక్ట్ అన్నంత మాత్రాన అన్ని పొరపాట్లూ ఆగవు: అంకెల కాలమ్‌లో పెట్టిన ఖాతా నంబరు ముందున్న సున్నాలు స్ట్రిక్ట్ పట్టికలోనూ ఎగిరిపోతాయి. దానికి అక్షరాల కాలమే కావాలి.