అబిడ్స్‌లో బేస్ గిటార్ బేరం: రేటు అడిగేముందు అది ఏ స్టేజ్ ఎక్కాలో చెప్పండి

ముందు ఒక చిన్న పని చేయండి. మీకు బాగా ఇష్టమైన పాట ఒకటి ఫోన్ స్పీకర్‌లో పెట్టి ముప్పై సెకన్లు వినండి. తర్వాత ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని అదే ముక్క మళ్ళీ వినండి. కింద నుంచి ఏదో బరువు వచ్చి చేరింది కదా? చాలా పాటల్లో అందులో పెద్ద వాటా బేస్‌ది.

నాలుగు తీగల బేస్‌లో అన్నిటికన్నా లావు తీగ, అంటే ఇ స్ట్రింగ్, సెకనుకి 41 సార్లు ఊగుతుంది. 41 హెర్ట్జ్. మీ ఫోన్‌లో ఉన్న గోరంత స్పీకర్‌కి అంత కింద గాలిని నెట్టే శక్తి లేదు. అయినా నోట్ వినిపించినట్టే ఉంటుంది. ఎందుకంటే ఆ తీగ నుంచి 82, 123 హెర్ట్జ్ దగ్గరా, ఇంకా పైనా కూడా శబ్దాలు వస్తాయి. ఫోన్ వినిపించే ఆ పై శబ్దాలను పట్టుకుని అడుగున ఉండాల్సిన దాన్ని మన మెదడే పూరించుకుంటుంది. కాబట్టి ఫోన్‌లో డెమో వీడియో చూసి, "సౌండ్ కిరాక్ ఉంది అన్నా, ఫిక్స్" అని అడ్వాన్స్ పంపేవాళ్ళు నిజానికి ఆ బేస్‌ని వినలేదన్నమాట.

బేస్‌కి అసలు రేటు షాపులో తేలదు, స్టేజ్ మీద తేలుతుంది. కొనేవాళ్ళకైనా అమ్మేవాళ్ళకైనా ఇవాళ నేను చెప్పేది ఇదే.

దీనికి అబిడ్స్, నాంపల్లి కంటే మంచి ఏరియా లేదు. సెకండ్ హ్యాండ్ బేరం ఎలా చేయాలో హైదరాబాద్‌కి నేర్పింది ఇక్కడే. ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు, జగదీశ్ మార్కెట్‌లో ఫోన్లు, కొంచెం అటు నడిస్తే కోఠి గుజరాతీ గల్లీలో ఆంప్లిఫయర్లు, స్పీకర్లు, కేబుళ్ళు. స్టేజీలూ దగ్గరే. నాంపల్లిలో ఎగ్జిబిషన్ గ్రౌండ్స్, పబ్లిక్ గార్డెన్స్‌లో లలిత కళా తోరణం, అసెంబ్లీ దగ్గర 1961 నుంచి ఉన్న రవీంద్ర భారతి. అబిడ్స్, గన్‌ఫౌండ్రీ, చాపెల్ రోడ్ చుట్టూ చర్చిలు. కొనే చోటూ వాయించే చోటూ ఇంత దగ్గరగా ఉన్న ఏరియాలు సిటీలో తక్కువ.

మరి గిగ్ అంటే ఏం గిగ్? ఇది మొదట తేల్చుకోవాలి. పెళ్ళి ఆర్కెస్ట్రాల్లో బేస్ ప్లేయర్‌కి అసలు పోటీ ఇంకో బేస్ ప్లేయర్ కాదు, కీబోర్డ్ ప్లేయర్ ఎడమ చెయ్యి. సినిమా పాటల్లో బేస్ చాలావరకు సింథ్‌లో ప్రోగ్రామ్ చేసి ఉంటుంది. ఆ లైన్‌ని కీబోర్డ్ మీద ఎడమ చేత్తో లాగించేస్తారు, లేదంటే ట్రాక్ ప్లే చేస్తారు. ఒక మనిషి పేమెంట్ మిగులుతుంది కదా. చర్చిలో అలా కాదు. ప్రతి ఆదివారం ఆరాధన, వారంలో ఒక ప్రాక్టీస్, ఎదురుగా నిజమైన జనం. చేతికి టైమింగ్ రావాలంటే దీన్ని మించిన ట్రైనింగ్ నాకు కనపడలేదు. ఇక కేఫ్‌లు, పబ్బుల బ్యాండ్‌లు ఇప్పుడు ఎక్కువగా జూబ్లీ హిల్స్, గచ్చిబౌలి వైపు వెళ్ళిపోయాయి. తెలుగులో సొంత పాటలు చేసే బ్యాండ్‌లూ ఉన్నాయి. చౌరస్తా తీసుకోండి, తెలుగులో రెగే చేసిన బ్యాండ్. రెగేలో గిటార్ మధ్యమధ్యలో చిన్నగా కొట్టి తప్పుకుంటుంది, పాటని నడిపేది బేస్. అలాంటి బ్యాండ్‌లో బేస్ తీసేస్తే పాటే ఉండదు.

ఆర్కెస్ట్రా అయితే, ఒకే షోలో ఇరవై రకాల పాటలు, మధ్యలో పాడేవాళ్ళు శ్రుతి మార్చేస్తారు. అక్కడ ఐదు తీగల బేస్ పనికొస్తుంది. దాని కింది బి తీగ సుమారు 31 హెర్ట్జ్ దాకా దిగుతుంది. చర్చికో కాలేజీ బ్యాండ్‌కో అయితే నాలుగు తీగలు చాలు. లియో ఫెండర్ ప్రెసిషన్ బేస్ మార్కెట్‌లోకి వచ్చిన 1951 నుంచి ఇప్పటిదాకా ఎక్కువ పాటలు ఆ నాలుగింటి మీదే నడిచాయి.

ఇప్పుడు బేరం. జూలై, ఆగస్టుల్లో ఆన్‌లైన్ యాడ్స్ చూడండి. "అర్జెంట్ సేల్, గోయింగ్ అబ్రాడ్." ఎమ్మెస్‌కి వెళ్ళేవాళ్ళు రెండు సూట్‌కేసుల్లో నాలుగడుగుల బేస్‌ని పట్టించలేరు కాబట్టి అమ్మేస్తారు. గిటార్ కొనేవాళ్ళు వందమంది ఉంటే బేస్ కొనేవాళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టేంతమంది. ఈ రెండూ కలిసి కొనేవాడికి లాభం, అమ్మేవాడికి నష్టం. అందుకే మొదటి బేస్ కొత్తది కొనొద్దనే నేనంటాను. డబ్బాలోంచి తీసిన రోజే అది సెకండ్ హ్యాండ్ అవుతుంది.

చూసేటప్పుడు రంగు, బాడీ మీద గీతలు వదిలేయండి. గీతలుంటే ఇంకా మంచిది, రేటు తగ్గించమని అడగొచ్చు. మొదట చూడాల్సింది నెక్. బాడీ వైపు నుంచి ఒక కన్ను మూసి, వడ్రంగి చెక్క నిటారుగా ఉందా అని చూసినట్టు నెక్ పొడవునా చూడండి. అది మెలి తిరిగి ఉంటే అక్కడితో దండం పెట్టి వచ్చేయండి. కొంచెం వంగి ఉంటే భయం లేదు. లావు తీగని మొదటి ఫ్రెట్ దగ్గర ఒక చేత్తో, నెక్ బాడీని కలిసే చోట ఇంకో చేత్తో నొక్కి పట్టండి. మధ్యలో, ఎనిమిదో ఫ్రెట్ దగ్గర, తీగకీ ఫ్రెట్‌కీ మధ్య ఒక విజిటింగ్ కార్డ్ దూరాలి. రూపాయి బిళ్ళ దూరితే వంపు ఎక్కువైనట్టు. నెక్ లోపల ట్రస్ రాడ్ అని ఒక ఇనుప కడ్డీ ఉంటుంది. దాన్ని తిప్పితే ఆ వంపు సరి అవుతుంది. అయితే ఆ రాడ్ తిరుగుతోందో లేదో అమ్మే మనిషినే తిప్పి చూపించమనండి. బిగుసుకుపోయిందంటే ఆ నెక్ కథ అయిపోయినట్టే.

తర్వాత ప్రతి తీగనీ ప్రతి ఫ్రెట్ దగ్గరా ఒక్కసారి వాయించండి. బోర్ కొట్టినా సరే, అన్నీ. ఎక్కడో ఒకచోట నోట్ "టక్" అని చచ్చిపోతుంది, లేదా గరగరలాడుతుంది. అలాంటివి ఒకటి రెండైతే రిపేర్ చేయించొచ్చు, పది ఉంటే రిపేర్ బిల్లే బేస్ రేటంత అవుతుంది. ఫోన్‌లో ట్యూనర్ యాప్ తెరిచి పన్నెండో ఫ్రెట్ దగ్గర నొక్కి ఒకసారి, నొక్కకుండా వేలు ఆనించి హార్మోనిక్‌గా ఒకసారి వాయించండి. రెండూ ఒకే నోట్ చూపించాలి. లావు తీగని ఫోన్ మైక్ సరిగ్గా పట్టకపోతే కంగారుపడకండి, హార్మోనిక్‌తో ట్యూన్ చేస్తే పట్టేస్తుంది.

తీగల మాట కూడా చెప్తా. గిటార్ తీగలు కొన్నవాళ్ళు బేస్ సెట్ రేటు వింటే ఉలిక్కిపడతారు. మంచి సెట్ రెండు వేల దాకా అవుతుంది, కొన్ని దాటుతాయి. తీగలు నల్లబడి ఉంటే ఆ డబ్బు రేటులోంచి తీసేయమనండి. "భయ్యా, స్ట్రింగ్స్ పాతవి, సెట్ పైసలు తగ్గించు" అంటే ఎవరూ ఏమనుకోరు.

ఎలక్ట్రానిక్స్ చూడకుండా మాత్రం డబ్బు ఇవ్వొద్దు. "ఆంప్ లేదు భయ్యా, అన్నీ పనిచేస్తాయి" అనే మాట నమ్మకండి. ఒక జామ్ రూమ్ గంట బుక్ చేసుకుని, ఆ ఖర్చు ఇద్దరూ సగం సగం పెట్టుకుని అక్కడే కలవండి. ఇద్దరికీ సేఫ్, ఆంప్ కూడా ఉంటుంది. కేబుల్ పెట్టాక జాక్ దగ్గర కొంచెం కదపండి, సౌండ్ కట్ అయితే జాక్ లూజు. వాల్యూమ్ తిప్పితే గరగర వచ్చిందంటే చాలాసార్లు లోపల దుమ్మే, క్లీనర్ స్ప్రేతో పోతుంది. యాక్టివ్ బేస్ అయితే లోపల 9 వోల్ట్ బ్యాటరీ ఉంటుంది. దాని స్విచ్ జాక్‌లోనే దాక్కుంటుంది. అంటే కేబుల్ గుచ్చి వదిలేస్తే రాత్రంతా బ్యాటరీ ఖర్చవుతూనే ఉంటుంది. షో మధ్యలో సౌండ్ సన్నగా, చిరిగిపోయినట్టు వస్తే సగం కేసుల్లో కారణం ఈ బ్యాటరీయే. బ్యాగ్‌లో ఒకటి ఎక్స్‌ట్రా పడేయండి.

హెడ్ మీద పెద్ద కంపెనీ పేరుందని పొంగిపోకండి. స్క్వయర్ అనేది ఫెండర్ వాళ్ళదే, తక్కువ రేటు లేబుల్. దాని మీద పేరు గీకేసి ఫెండర్ స్టిక్కర్ అంటించడం పాత ట్రిక్. సీరియల్ నంబర్ ఫోటో తీసి కంపెనీ సైట్‌లో వెతకండి. ఫోన్‌కి ఐఎంఈఐ ఎలాగో దీనికి సీరియల్ నంబర్ అలాగ. దొంగ సరుకు భయం కూడా ఉంది కదా. పాల్ మెకార్ట్‌నీ 1961లో హాంబర్గ్‌లో కొన్న హాఫ్నర్ బేస్‌ని 1972లో ఎవరో కొట్టేశారు. అది తిరిగి ఆయన చేతికి చేరిందని బయటికి తెలిసింది 2024లో. బీటిల్స్ బేస్‌కే యాభై ఏళ్ళు పట్టింది, మనది పోతే ఎవరు వెతుకుతారు? దొంగ సరుకని తెలిసి, లేదా అనుమానించడానికి కారణం ఉండి కూడా తీసుకుంటే భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 317 కింద మూడేళ్ళ దాకా జైలు శిక్ష పడొచ్చు. బిల్లు లేకపోతే కనీసం ఒక కాగితం మీద పేరు, తేదీ, సీరియల్ నంబర్, సంతకం తీసుకోండి.

సరే, బేస్ కొన్నారు, గిగ్ దొరికింది. ఇక్కడ కొంచెం నెమ్మదిగా చెప్తా, ఎందుకంటే ఇది ప్రాణాల విషయం.

పందిట్లో, గ్రౌండ్‌లో షో అంటే కరెంట్ జనరేటర్ నుంచో, ఎక్కడో స్తంభం దగ్గర నుంచో లాగిన వైరు మీద వస్తుంది. మూడు పిన్నుల ప్లగ్‌లో ఎర్త్ పిన్ విరగ్గొట్టేసి వాడేవాళ్ళని చూసే ఉంటారు, "హమ్ వస్తోంది అన్నా" అని. మీ బేస్ తీగలు కేబుల్ ద్వారా ఆంప్ ఎర్త్‌కి కలిసి ఉంటాయి. మైక్ జాలీ మిక్సర్ ఎర్త్‌కి కలిసి ఉంటుంది. ఈ రెండిట్లో ఏ ఒక్క ఎర్త్ తప్పినా, తీగ మీద చెయ్యి, మైక్‌కి పెదవి తగిలిన క్షణంలో కరెంట్ మీ ఒంట్లోంచి వెళ్తుంది. 1972 మేలో స్టోన్ ద క్రోస్ బ్యాండ్ గిటారిస్ట్ లెస్ హార్వీ బ్రిటన్‌లోని స్వాన్సీలో స్టేజ్ మీదే షాక్ కొట్టి చనిపోయాడు. ఎర్త్ సరిగ్గా లేని మైక్ ముట్టుకున్నాడు, అంతే.

కోఠిలో ఒక మల్టీమీటర్ కొనుక్కోండి, బేస్ స్ట్రింగ్ సెట్ కంటే చవక. ఏసీ వోల్ట్స్‌లో పెట్టి ఒక ప్రోబ్ మీ తీగ మీద, ఒకటి మైక్ జాలీ మీద ఆనించండి. ఆనించేటప్పుడు చేతులు ప్రోబ్ ప్లాస్టిక్ మీదే ఉండాలి. సున్నా దగ్గర ఉంటే ఓకే. పదుల్లో, వందల్లో చూపిస్తే సౌండ్ వాళ్ళు ఎర్త్ సరిచేసేదాకా ముట్టుకోవద్దు. "ఏం కాదు తమ్ముడు, రోజూ ఇలాగే చేస్తాం" అంటారు. అననివ్వండి. ఆ పేమెంట్ పోయినా పర్లేదు.

నుమాయిష్ గురించి అడుగుతారు కాబట్టి చెప్తా. 1938లో పబ్లిక్ గార్డెన్స్‌లో మొదలై, 1946లో ఇప్పుడున్న ఎగ్జిబిషన్ గ్రౌండ్స్‌కి మారింది. మామూలుగా జనవరి 1 నుంచి నెలన్నర నడుస్తుంది. ఇలాంటి రద్దీలో బేస్‌తో వెళ్ళాలంటే మెట్రోయే దిక్కు. నాంపల్లి, గాంధీ భవన్ స్టేషన్లు రెండూ ఎర్ర లైన్ మీద ఉన్నాయి. బైక్ వెనక తగిలించుకుంటే నెక్ మీ హెల్మెట్ కంటే పైకి లేస్తుంది. చెట్ల కొమ్మలు చూసుకోండి.

ఓపెన్ గ్రౌండ్‌లో ఇంకో సమస్య టైమ్. 2000లో వచ్చిన శబ్ద కాలుష్య నియమాల ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా బయట లౌడ్‌స్పీకర్ వాడకూడదు, పండగలకి ప్రభుత్వం ప్రత్యేకంగా సడలించిన కొద్ది రోజులు తప్ప. మూసిన హాల్‌కి లెక్క వేరు. పక్కింటి గోడలు దాటి వెళ్ళేది గాయకుడి గొంతు కాదు, మీ బేస్. కంప్లయింట్ వచ్చిందంటే మొదట తగ్గించమనేది మీ ఛానెలే. కాబట్టి షో ఎన్ని గంటలకి మొదలో కాదు, ఎన్నింటికి ఆపాలో ముందే అడగండి. సబ్‌వూఫర్ ఉందా, డీఐ బాక్స్ ఎవరు తెస్తారు, ఆటో డబ్బులు పేమెంట్‌లో కలిపారా, ఇవన్నీ కూడా వాట్సాప్‌లో రాయించుకోండి. సబ్‌వూఫర్ లేని చోటికి ఎంత ఖరీదైన బేస్ తీసుకెళ్ళినా జనానికి వినపడేది ఫోన్ స్పీకర్ సౌండే.

ఇక అమ్మేవాళ్ళకి. నెలకి రెండు గిగ్‌లైనా వాయిస్తున్నవాళ్ళు ఉన్న ఒక్క బేస్‌ని ఈఎంఐ కోసం అమ్మకండి. బేస్ లేదని తెలిసిన రోజు నుంచి ఫోన్లు ఆగిపోతాయి, ఆ షో కీబోర్డ్ ఎడమ చేతికి వెళ్ళిపోతుంది. అలమారలో ఆరు నెలలుగా పడుకున్న బేస్ అయితే అమ్మేయండి, దుమ్ము దులిపి, తీగలు ట్యూన్ చేసి. తప్పులుంటే యాడ్‌లోనే రాయండి, వచ్చి చూసి వెనక్కి వెళ్ళేవాళ్ళు తగ్గుతారు.

యాడ్ పెట్టిన పది నిమిషాల్లో ఒక ఫోన్ రావచ్చు. బేరం ఆడడు, చూడ్డానికి రాడు. "నేను ఆర్మీలో ఉన్నా, పోస్టింగ్ వేరే చోట, డబ్బు ఇప్పుడే పంపిస్తా, ఈ క్యూఆర్ స్కాన్ చేయండి" అంటాడు. డబ్బు రావడానికి స్కాన్ అక్కర్లేదు, పిన్ అసలే అక్కర్లేదు. పిన్ కొట్టారంటే డబ్బు మీ అకౌంట్‌లోంచి వెళ్తోందని అర్థం. ఒకవేళ కొట్టేశారా, సిగ్గుపడుతూ సాయంత్రం దాకా ఆగకండి, వెంటనే 1930కి కాల్ చేయండి. ఎంత తొందరగా చేస్తే ఆ డబ్బు అవతల అకౌంట్‌లో ఆపే ఛాన్స్ అంత ఎక్కువ.