పాకలో ఎలుక, పొలంలో ఎలుక

వ్యవసాయ కూలీ ఇంట్లో మనుషులు ఎంతమంది అని జనాభా లెక్కలవాళ్ళు వచ్చి అడుగుతారు. ఎలుకలెన్ని అని ఎవరూ అడగరు. అడిగితే చెప్పటానికి మన ఆడవాళ్ళ దగ్గర లెక్క ఉంది. చూరులో తిరిగేది ఒక రకం, పొయ్యి వెనక చేరేది ఒక రకం, గోడ పునాది కింద మట్టి తోడి కుప్ప పోసేది ఇంకో రకం. ఏది ఏ వేళకి వస్తుందో, దేన్ని ముడుతుందో వాళ్ళకి తెలుసు. చీకటి పడ్డాక అన్నం గిన్నె మీద బరువు పెట్టటం, రేషన్ బియ్యం మూట దూలానికి వేలాడదీయటం, పసిబిడ్డ మూతి పాలు లేకుండా తుడిచి పడుకోబెట్టటం, ఇవన్నీ ఎలుక నేర్పిన పనులే. పాల వాసనకి వచ్చి పిల్లల పెదాలు, కాలివేళ్ళు కొరికిన సంగతులు ప్రతి పేటలోనూ వింటాం.

బట్టలు కొరికింది, ఇంటిపట్టా కాగితం కొరికింది, పొదుపు సంఘం పుస్తకం కొరికింది అని దాన్ని తిట్టుకుంటాం. ఎలుకకి ముందు పళ్ళు బతికినంతకాలం పెరుగుతూనే ఉంటాయి. ఏదో ఒకటి కొరికి అరగదీసుకోకపోతే అది తిండి తినలేదు. కడుపు నిండినా కొరకాల్సిందే. ఈ విషయంలో దానికి స్వభావం తప్ప ద్వేషం లేదు. మనకి ద్వేషం చూపి కాగితాలు పోగొట్టేవాళ్ళు వేరే ఉన్నారు.

ఇంకో ముక్క చెప్పాలి. మూతి పొడుగ్గా ఉండి కంపు కొట్టే చుంచుని కూడా ఎలుకే అనుకుని చంపుతున్నాం. అది ఎలుక జాతి కాదు. ఇంట్లో బొద్దింకల్నీ పురుగుల్నీ ఏరుకు తినే జంతువు. ఇక పందికొక్కు సంగతి. ఇంగ్లీషువాళ్ళు మన భాష నుంచి తీసుకుపోయిన కొద్ది మాటల్లో ఇదొకటి. దాన్ని బాండికూట్ అని పలికారు. తర్వాత ఆస్ట్రేలియాలో వేరే జంతువు కనబడితే దానికీ అదే పేరు పెట్టారు. సభల్లో మనవాళ్ళు లేచి, ప్రజల సొమ్ము పందికొక్కుల్లా మెక్కుతున్నారంటారు. నేనూ అన్నాను. కాని పందికొక్కు తన కడుపుకీ, తన కలుగుకీ పట్టినంతే తీసుకుపోతుంది. బ్యాంకులో దాచుకోదు.

అసలు ఇది ఎందుకు మన పాకల్లోనే ఇంతగా ఉంటుంది? ఎలుక పిల్ల దూరటానికి అరంగుళం సందు చాలు. ఇంట్లో తిరిగే చిట్టెలుకకి పావంగుళం చాలు. మట్టి గోడ, మట్టి నేల, తాటాకు కప్పు ఉన్న ఇంట్లో అలాంటి సందులు మూయటం ఎవరి తరం? సగం కట్టి వదిలిన కాలనీ ఇళ్ళు పాకలకన్నా గొప్పగా ఏమీ లేవు. గచ్చు లేదు, గోడకి పూత లేదు, తలుపు కింద జానెడు ఖాళీ. పైగా చాలా కాలనీలు ఊరి చివర పల్లపు భూమిలో, పొలం గట్టుని ఆనుకుని ఉంటాయి. ధాన్యం గిడ్డంగికి సిమెంటు నేల, ఇనుప తలుపు కావాలని అందరికీ తెలుసు. ఆ ధాన్యం పండించిన మనిషి ఇంటికి మాత్రం అవి విలాసం అనిపిస్తాయి.

ఎలుక వచ్చిన చోటుకి పాము వస్తుంది. త్రాచు గాని, రక్తపింజర గాని మనిషి కోసం ఇంట్లోకి రాదు. ఎలుక వెనక వస్తుంది. నేల మీద చాప వేసుకు పడుకున్నవాళ్ళు అడ్డం తగులుతారు. 2018 వానాకాలంలో కృష్ణా జిల్లా దివిసీమలో పాముకాట్లు వందకి మించాయి. అప్పుడు ఆగస్టు నెలలో మోపిదేవి సుబ్రహ్మణ్యేశ్వరస్వామి గుడిలో ప్రభుత్వం తరఫున సర్పశాంతి యాగం జరిపించారు. పాముకి శాంతి జరిగిందో లేదో గాని, వరిగట్లలో ఎలుకలకి ఏ శాంతీ జరగలేదు. పాములు తిరిగే చోట కూలీలకి బూట్లు ఇవ్వటం, పడుకోవటానికి మంచాలు, దగ్గర ఆసుపత్రిలో విషం విరుగుడు మందు ఉంచటం, ఇవి యాగమంత పెద్ద పనులేం కావు. విషం లేని జెర్రిపోతు ఎలుకల్ని ఏరుకు తింటుంది. దాన్ని చూస్తే మనమే కర్ర తీసుకుంటాం. ఈ తప్పుడు భయం మనలోంచి పోవాలి.

జ్వరం మాట కూడా ఉంది. ఎలుక మూత్రం కలిసిన నీళ్ళు, బురద, కాలి పగుళ్ళలోంచీ గాయాల్లోంచీ ఒంట్లోకి వెళితే లెప్టోస్పైరోసిస్ అనే జబ్బు వస్తుంది. ఎలుక జ్వరం అంటున్నది దీన్నే. నాట్లప్పుడు రోజంతా మోకాటి లోతు బురదలో ఉండే ఆడకూలీకి కాళ్ళు పగలకుండా ఎలా ఉంటాయి? జ్వరం, కండరాల నొప్పులు, కళ్ళు ఎర్రబడటం, ముదిరితే పచ్చకామెర్లు, మూత్రపిండాలు దెబ్బతినటం. మొదట్లోనే పట్టుకుంటే మామూలు యాంటిబయాటిక్ మందులకి లొంగుతుంది. కాని చాలామంది మామూలు జ్వరం అనుకుని మాత్ర మింగి మళ్ళీ బురదలోకే దిగుతారు. కూలి పోతుందని. కాళ్ళు పగిలి జ్వరం వచ్చిన మనిషి ఆసుపత్రికి వెళ్ళినప్పుడు, పొలంలో బురదలో పని చేశాను, ఇంట్లో ఎలుకలున్నాయి అని డాక్టరుకి నోరు తెరిచి చెప్పాలి. అడగరు గనక మనమే చెప్పాలి.

ఎలుకల్ని వదిలించుకోవటానికి మన ఇళ్ళల్లో చేస్తున్నది ఏమిటి? కిరాణా కొట్టుకి వెళ్ళి మందు పొట్లం తేవటం. కొన్ని పేస్టుల్లో పచ్చ భాస్వరం ఉంటుంది. అది మనిషి కడుపులోకి వెళితే కాలేయం చెడుతుంది, దానికి విరుగుడు మందు లేదు. రొట్టె ముక్క మీద రాసి మూల పెట్టిన ఆ పేస్టు పసిపిల్లవాడి చేతికి అందుతుంది. అప్పుల బాధలోనో ఇంటి పోరులోనో ఉన్న పడుచుపిల్ల చేతికీ అందుతుంది. సంఘం పని మీద తిరిగే మాకు ఇలాంటి చావు ఇళ్ళకి వెళ్ళవలసి వస్తూనే ఉంది. ఎలుక కోసం తెచ్చిన మందు ఎలుకకన్నా ఎక్కువ నష్టం చేసిన ఇళ్ళవి. ఇంట్లో బోను పెట్టండి, మందు పెట్టకండి అని నేను ప్రతి పేటలోనూ చెబుతున్నాను. బోను ఇంటింటికీ కొననక్కరలేదు, నాలుగిళ్ళకి ఒకటి తెచ్చుకుని తిప్పుకోవచ్చు.

ఇంటి ఎలుకని ఇంట్లోనే చూస్తే కథ సగమే తెలుస్తుంది. పొలంలో కోత అయ్యాక గట్లలో తిండి తగ్గుతుంది. అప్పుడు ఎలుక కుప్పల్లోకీ గడ్డివాముల్లోకీ, అక్కణ్ణుంచి ఇళ్ళల్లోకీ వస్తుంది. మళ్ళీ నాట్లు పడ్డాక గట్లకి చేరుతుంది. చూలు మూడు వారాలే. ఈతకి అరడజను పైన పిల్లలు. అవి మూడు నెలలకల్లా ఈతకి వస్తాయి. వరి పిలకల్ని అది కత్తితో కోసినట్టు ఏటవాలుగా కొరుకుతుంది. కొరికిందంతా తినదు. కంకి పాలు పోసుకున్నాక వెన్నులు తుంచి కలుగులోకి మోసుకుపోయి అర కట్టి దాస్తుంది.

ఇప్పుడు అసలు మాటకి వద్దాం. ఆ వెన్నులు ఎవరి వాటాలోవి? డెల్టాలో సాగు చేసేవాళ్ళలో చాలామంది కౌలుదారులు. కౌలు ఎకరానికి ఇన్ని బస్తాలని ముందే ఖాయం. ఎలుక తిన్నా, తుపాను వచ్చినా ఆ బస్తాలు తగ్గవు. అంటే ఎలుక యావత్తూ కౌలుదారు వాటాలోంచే తింటుంది. భూయజమాని వాటాలోంచి ఒక్క గింజ తినదు. ఆయన గారికి ఎలుకల గొడవ ఎందుకు పడుతుంది? నష్టం రాయించుకుందామని వెళితే పేరు కాగితాల్లో ఉండదు. 2019లో ఆంధ్రప్రదేశ్‌లో తెచ్చిన సాగుదారు హక్కుల చట్టం కౌలుదారుకి కార్డు ఇస్తామంది గాని, దానికి భూయజమాని సంతకం పెట్టాలంది. ఆ సంతకం కోసం తిరిగి తిరిగి వదిలేసినవాళ్ళని ఊరికి పదిమందిని చూపిస్తాను.

కోత అయ్యాక కలుగులు తవ్వి ఆ వెన్నులు తీసుకుని దంచుకునే కుటుంబాలు మనలో ఉన్నాయి. పరిగె ఏరుకోవటం లాంటిదే ఇదీ. మా చిన్నప్పుడు కలుగులో తీసిన వడ్లలో సగం కళ్ళంలో పొయ్యమన్న కామందు మా ప్రాంతంలో ఉండేవాడు. ఎలుక తన పాలేరు అనుకున్నాడు కాబోలు!

ఈ కలుగుల పని బాగా ఎరిగినవాళ్ళు యానాదులు. నెల్లూరు, గుంటూరు, కృష్ణా జిల్లాల్లో కాలువ గట్ల మీద, చెరువు కట్టల మీద గుడిసెలు వేసుకు బతుకుతున్న షెడ్యూల్డు తెగ. బ్రిటిషువాళ్ళు 1871లో తెచ్చిన నేరస్థ జాతుల చట్టం కిందకి వీళ్ళలో అనేకుల్ని చేర్చి, పుట్టుకతో దొంగలని ముద్ర వేశారు. ఆ చట్టం పోవాలని పోరాడినవాళ్ళలో నెల్లూరు జిల్లాకి చెందిన వెన్నెలకంటి రాఘవయ్య గారు ముఖ్యులు. 1952లో ఆ ముద్ర కాగితం మీద పోయింది. ఊళ్ళో ఏదైనా పోతే ముందు వీళ్ళ గుడిసెలు వెతకటం మాత్రం అంత తొందరగా పోలేదు.

వాళ్ళ పని చూడండి. వెదురు బద్దలతో, తాటాకుతో అల్లిన బుట్ట. పైన వంచి కట్టిన విల్లు, దానికి ఉచ్చు. లోపల నాలుగు గింజలు. ఎలుక తల పెట్టగానే విల్లు విడి ఉచ్చు మెడకి బిగుస్తుంది. సాయంత్రం చేను పొడుగునా బుట్టలు పెట్టి, తెల్లారకముందే తిరిగి ఏరుకొస్తారు. ఎలుక ఎటు నడుస్తుందో బురదలో అడుగుని బట్టి చెబుతారు. రెండో పద్ధతి పొగ. అడుగున చిల్లి ఉన్న కుండలో గడ్డి కూరి నిప్పు పెట్టి, మూతి కలుగుకి ఆనించి, చిల్లిలోంచి నోటితో ఊదుతారు. తక్కిన కన్నాలు మట్టితో మూసేస్తారు. పొగకి సొమ్మసిల్లిన ఎలుకని తవ్వి తీస్తారు. కుక్క పక్కనే కాపలా. ఆ ఊదే మనిషి పెదాలు కాలతాయి, పొగ సగం అతని ఊపిరితిత్తుల్లోకే వెళుతుంది.

ఒక పెద్దాయన్ని కూలి ఎట్లా కడతారని అడిగాను. ముందు నన్ను అయ్యా అన్నాడు. అన్నా అని పిలవమంటే నవ్వి, ‘తోకలు లెక్కేసి ఇత్తారన్నా. ఎలుక ఉంటే డబ్బులు. పదిహేను కలుగులు తవ్వి ఎలుక దొరక్కపోతే ఆ పూట పని చేసినట్టు కాదు’ అన్నాడు. ‘మరి పాము ఉంటే?’ అన్నాను. ‘పాముకి తోక ఉంటది గాని దానికి డబ్బులియ్యరు’ అన్నాడు.

పంట కాపాడే పనిని పంట పనిగా లెక్కించకపోవటం అంటే ఇదే. నాటు వేసినవాళ్ళకి, కోత కోసినవాళ్ళకి కూలి రేటు కోసం మనం సమ్మెలు చేశాం. ఎలుక పట్టేవాడి కూలి మన కోర్కెల పత్రంలో ఎన్నడూ లేదు. వ్యవసాయ శాఖవాళ్ళు ఏడాదికోసారి వచ్చి పంచే మందు అతని పొట్ట మీదే కొడుతుంది. పొలం ఎలుకని వాళ్ళు కూరగా తింటారు. మందు తిన్న ఎలుక తినటానికి పనికిరాదు. దాన్ని తిన్న గుడ్లగూబా, కుక్కా కూడా చచ్చిపోతాయి.

మందు అసలే వద్దని నేను అనటం లేదు. సామూహికంగా పెట్టే బ్రోమోడయోలోన్ పద్ధతి ఉంది. 96 పాళ్ళు నూకలు, 2 పాళ్ళు నూనె, 2 పాళ్ళు మందు. సాయంత్రం కలుగులన్నీ మూసి, మర్నాడు తెరుచుకున్నవాటిలో మాత్రమే పొట్లాలు వెయ్యాలి. ఇది తిన్నరోజే చంపదు, కొన్ని రోజులు పడుతుంది. అందుకే తక్కిన ఎలుకలు అనుమానించవు. మనిషికి పొరపాటున లోపలికి వెళితే విటమిన్ కె ఇంజెక్షను విరుగుడు. జింక్ ఫాస్ఫైడ్ తొందరగా చంపుతుంది. కాని ఒకసారి రుచి చూసి బతికిన ఎలుక మళ్ళీ ముట్టదు. ముందు రెండు రోజులు మందు లేని నూకలు అలవాటు చెయ్యాలి. ఏ పద్ధతైనా ఒక్కడి చేలో పెడితే వృథా. పక్క చేలోంచీ, కాలువ గట్టు నుంచీ వారం తిరక్కుండా ఎలుక వస్తుంది. కాలువ గట్టు ఏ రైతుదీ కాదు గనక అక్కడ ఎవరూ పెట్టరు. ఎలుకకి అదే పుట్టిల్లు.

అంచేత ఊళ్ళో రైతు సంఘం, కూలీ సంఘం కలిసి కూర్చున్నప్పుడు పెట్టవలసిన సంగతులు ఇవి. బుట్టలూ పొగా ముందు, మందు తర్వాత. యానాది కుటుంబాలకి రోజు కూలి, ఎలుక దొరికినా దొరక్కపోయినా. నోటితో ఊదే కుండ బదులు చేత్తో తిప్పే పొగ యంత్రం పంచాయతీ కొని ఇవ్వాలి. ఖర్చులో భూయజమాని ఎకరాల లెక్కన వాటా వెయ్యాలి, కౌలుదారు నెత్తిన మొత్తం రుద్దకూడదు. మందు పెట్టే రోజులు ముందే టముకు వేసి కాలువ గట్టు వాళ్ళకి చెప్పాలి. కాలనీ ఇళ్ళకి గచ్చు, తలుపు కింద రేకు ముక్క. ఈ చివరిది వినగానే కొందరు రైతులు, అది వేరే విషయం కదా అంటారు. మాగాణి ఎలుక కోతలయ్యాక ఎక్కడ కాపురం ఉంటుందో వాళ్ళనే చెప్పమనాలి.

సార్వాకి నారుమళ్ళు పొయ్యకముందు, వేసవిలో గట్లు ఎండి ఉన్నప్పుడు ఎలుకలు తక్కువగా, ఒకచోట ఉంటాయి. కలుగులు కంటికి కనబడతాయి. చేను ఎదిగాక వెతకటం కష్టం, అప్పటికి ఈతలు కూడా మొదలవుతాయి. కాబట్టి సమావేశం ఏదో ఎండలు పోనిచ్చి పెడదాం అనకుండా ఎండల్లోనే పెట్టుకోవాలి. బుట్టలు అల్లటానికి వాళ్ళకి ఓ పదిరోజులు వ్యవధి కావాలి, వెదురుకి ముందుగా కొంత డబ్బు కావాలి.