మలయా జ్వరాలు: అపోహలు – వాస్తవాలు

వందేళ్ల కిందట మలయా రబ్బరు తోటలకు ఓడెక్కిన మనవాళ్లలో తమిళులే ఎక్కువ. విశాఖ, గోదావరి జిల్లాల నుంచి వెళ్లిన తెలుగువాళ్లూ ఉన్నారు. తిరిగిరాని వాళ్ల గురించి ‘అడవి జ్వరం పొట్టన పెట్టుకుంది’ అని ఒక్క ముక్కలో తేల్చేస్తుంటారు. నిజానికి చాలా తోటల్లో ఆ జ్వరం అడవి కొట్టేశాకే ముదిరింది.

అపోహ: అడవి నరికి, చిత్తడి ఎండగడితే మలేరియా పోతుంది.

వాస్తవం: ఒకచోట పోయింది, ఇంకోచోట పెరిగింది. మాల్కమ్ వాట్సన్ అనే ప్రభుత్వ వైద్యుడు 1901లో సెలంగూర్ రాష్ట్రంలోని క్లాంగ్‌కు వచ్చాడు. ఆ ఏడాదే దగ్గర్లో పోర్ట్ స్వెట్టెన్‌హామ్ రేవు తెరిచారు. పనివాళ్లు వరసగా జ్వరంతో మంచం పడుతుంటే రేవు మూసేద్దామన్న మాట కూడా వచ్చింది. వాట్సన్ పొదలు కొట్టించాడు, చిత్తడి నేలల్లోంచి నీరు పోయేలా కాలువలు తవ్వించాడు. ఆ రెండు ఊళ్లలో 1901లో జ్వరాలతో 368 మంది పోతే, 1902లో పోయింది 59 మంది. అక్కడ మలేరియా మోసింది అనాఫిలిస్ అంబ్రోసస్ అనే దోమ. దానికి నీడ కావాలి, నిలవ నీరు కావాలి. రెండూ లేకుండా చేశారు.

ఇదే వైద్యం కొండ తోటల్లో వికటించింది. లోయలో సన్నటి ఊటవాగు ఉంటుంది. చెట్లు ఉన్నన్నాళ్లూ దాని మీద ఎండ పొడ పడదు. రబ్బరు నాటడానికి అడవి కొట్టేశాక ఆ తేటనీరు ఎండలో మెరుస్తూ పారింది, అంచుల్లో గడ్డి మొలిచింది. గడ్డి మొదళ్ల దగ్గర నీటి వడి తగ్గినచోట మరో దోమ గుడ్లు పెట్టింది. అది అనాఫిలిస్ మాక్యులేటస్, ఎండ తగిలే పారునీటినే వెతుక్కునే జాతి. అక్కడ తెరిచిన కాలువ తవ్వితే దానికి ఇంకో వాగు కట్టబెట్టినట్టే! అందుకే వాట్సన్ లోయ అడుగున గొట్టాలు పాతించి, ఊటను నేల లోపలి నుంచే కిందికి పంపించాడు. అది కుదరని చోట నీటి మీద నూనె చల్లించాడు. లార్వా దోమగా మారే లోపు మళ్లీ చల్లాలి, ఒక్క విడత తప్పినా చేసిందంతా వృథా. ఏ దోమో తెలుసుకోకుండా పార పట్టకూడదని ఆయన అనుభవం మీద నేర్చుకున్నాడు. నాకు ఆయనలో అన్నిటికన్నా నచ్చింది అదే.

అపోహ: మురుగు లేకపోతే మలేరియా రాదు.

వాస్తవం: మన మన్యంలో మలేరియా మోసే అనాఫిలిస్ ఫ్లూవియాటిలిస్ కొండవాగుల తేటనీటిలోనే పెరుగుతుంది. పట్నాల్లో అనాఫిలిస్ స్టెఫెన్సీకి మూతలేని మంచినీటి ట్యాంకు చాలు.

అపోహ: కూలీలకు శుభ్రత తెలియదు, ఒంట్లో సత్తువ లేదు, అందుకే చచ్చిపోయారు.

వాస్తవం: ఈ మాట వింటే నాకు కోపం వస్తుంది. 1911లో మలయా సమాఖ్య రాష్ట్రాల తోటల్లో అన్ని రోగాలూ కలిపి వెయ్యి మంది కూలీలకు 60 మందికి పైగా చనిపోయారు. ఒకే ఓడలో దిగిన ఇద్దరిలో ఒకడు నీరు తీసేసిన మైదానపు తోటకు, ఇంకొకడు కొత్తగా అడవి కొట్టిన కొండ తోటకు వెళితే, వాళ్ల బతుకుల్లో తేడా తెచ్చింది వాళ్ల అలవాట్లు కాదు, లోయలో పారే ఆ వాగు. ప్రభుత్వం మలేరియా సలహా మండలి వేసింది కూడా ఆ 1911లోనే. అంటే క్లాంగ్‌లో దారి కనబడ్డ దాదాపు పదేళ్లకు. రేవు మూతపడితే వ్యాపారం ఆగిపోతుంది కాబట్టి అక్కడ డబ్బు వెంటనే దొరికింది. కొండ తోటల్లో గొట్టాలు పాతడం ఖరీదైన పని, చచ్చిపోయిన కూలీ స్థానంలో ఇంకొకణ్ణి తేవడం చౌక.

ఏ తోటకు పోవాలన్నది కూలీ చేతిలో లేదు. కూలీలను కుదిర్చి తెచ్చే మేస్త్రీ, అంటే కంగాణీ, ఎక్కడికి తోలుకెళితే అక్కడికే.