డబ్బా కూడా తీసుకురండి

పురుగుమందు కేసు మా క్యాజువాలిటీకి వచ్చినప్పుడల్లా సిస్టర్లు వెంటనే అడిగే మాట, "మందు డబ్బా తెచ్చారా?" మనిషి ప్రాణం మీదికి వచ్చి మేము పరుగెత్తుకొస్తే డబ్బా గోల ఏమిటని బంధువులు విసుక్కోవడం సహజమే. కానీ ఆ డబ్బాకు అంటించిన చీటీని బట్టే వైద్యం మారిపోతుంది. అందుకే ఈ నెల ఆ చీటీ గురించి వ్రాస్తున్నాము.

దీని వెనుక ఒక పెద్ద విషాదం ఉంది. 1958 ఏప్రిల్, మే నెలల్లో కేరళలోను, అప్పటి మద్రాసు రాష్ట్రంలోను గోధుమపిండితో చేసినవి తిన్నవారు ఉన్నట్టుండి జబ్బుపడ్డారు. 100 మందికి పైగా చనిపోయారు. ఆహార సరుకు వచ్చిన ఓడలోనే పారాథియాన్ అనే పురుగుమందును కూడా ఎక్కించారు. అది కారి తిండిలో కలిసింది. దానిపై విచారణ జరిగింది. ఆ తరువాతనే 1968లో పురుగుమందుల చట్టం, 1971లో దాని నియమాలు వచ్చాయి.

రాజుల రెండవ గ్రంథంలో, కరవు కాలంలో ఒకడు అడవి కాయలు తెచ్చి వంట కుండలో తరిగి వేసిన సంగతి మన పాఠకులకు తెలిసిందే. అతడు దుర్మార్గుడు కాడు. అవేమి కాయలో అతనికి తెలియదు, అంతే. అక్కడ ఎలీషా ప్రవక్త ఉన్నాడు గనుక అందరూ బ్రతికారు.

పురుగుమందు ఆహారానికి గాని, పశువుల దాణాకు గాని తగిలేలా రవాణా చేయకూడదని, నిల్వ ఉంచకూడదని ఆ నియమాలు స్పష్టంగా చెబుతున్నాయి. మరి సంత రోజున మన ఆటోలు చూడండి. సీటు క్రింద మందు డబ్బా, దానిపై బియ్యం మూట, మూటపై పిల్లవాడు!

ఇక చీటీ సంగతి. మూలపై నిలబెట్టిన పలక లాంటి గుర్తు ఒకటి డబ్బాపై ఉంటుంది. దాని క్రింది సగంలో ఉన్న రంగు విషం తీవ్రతను చెబుతుంది. అన్నిటికంటె తీవ్రమైనది ఎరుపు, తరువాత పసుపు, నీలం, ఆకుపచ్చ. ఎరుపు దానిపై పుర్రె, ఎముకల బొమ్మ కూడా ఉంటుంది. చదువు రాని కూలీకి సైతం అర్థం కావాలనే ఈ ఏర్పాటు. ఆకుపచ్చ అంటే మంచిదని మాత్రం అనుకోవద్దు. దానిపైన కూడా జాగ్రత్త అనే మాట ఉండాలి.

అయితే డాక్టరుకు రంగు ఒక్కటే చాలదు, మందు పేరు కావాలి. క్లోరోపైరిఫాస్ వంటి మందు ఒంట్లోకి పోతే కనుపాపలు సూదిమొనలా చిన్నవవుతాయి, నోటి నుండి చొంగ కారుతుంది, ఊపిరితిత్తులు నీటితో నిండుతాయి. అప్పుడు అట్రోపిన్ ఇంజక్షన్లు, ఆక్సిజన్ ఆలస్యం లేకుండా ఇవ్వాలి. అదే పారాక్వాట్ అనే కలుపుమందు అయితే, మొదట్లోనే అవసరం లేకుండా ఆక్సిజన్ ఇస్తే ఊపిరితిత్తులకు ఇంకా హాని జరుగుతుంది. దాని గుర్తు పసుపే, ఎరుపు కాదు. ఒక రోగికి ప్రాణం పోసేది మరొక రోగికి చేటు చేస్తుంది. చీటీ చేతిలో లేకపోతే మేము లక్షణాలను బట్టి ఊహించుకుంటూ వెళ్ళాలి, ఈలోగా సమయం గడిచిపోతుంది.

మందును నీళ్ళ సీసాలోకో, కూల్‌డ్రింకు సీసాలోకో వంచి ఇరుగుపొరుగుకు ఇవ్వడం మన పల్లెల్లో మామూలైపోయింది. చీటీ పాత డబ్బాకే ఉండిపోతుంది, విషం మాత్రం కొత్త సీసాలో వెళ్తుంది. 2013 జూలైలో బీహారులోని ఛాప్రా దగ్గర మధ్యాహ్న భోజనం తిని 23 మంది బడిపిల్లలు చనిపోయారు. ఆ వంటనూనెలో మోనోక్రోటోఫాస్ ఉన్నట్లు పరీక్షల్లో తేలింది.

డబ్బాకు చీటీ ఉన్నట్టే హైవేపై వెళ్ళే ట్యాంకరుకు బోర్డు ఉంటుంది. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నియమాల ప్రకారం అది ఇరుపక్కల, వెనుక కనబడాలి. సరుకు పేరు, ప్రమాదపు గుర్తు, అత్యవసర ఫోను నంబరు దానిపై ఉండాలి. నాలుగంకెల నంబరు కూడా చూస్తారు. 1203 అంటే పెట్రోలు, 1005 అంటే అమ్మోనియా, 1017 అంటే క్లోరిన్. ఏ దేశంలోనైనా ఇవే నంబర్లు. ట్యాంకరు బోల్తా పడితే దగ్గరికి వెళ్ళకండి. గాలి వచ్చే దిక్కున దూరంగా నిలబడి, కనిపించినంత మేరకు ఆ నంబరు చదివి 108కి, ఫైరు స్టేషనుకు చెప్పండి. బోర్డుపై బురద పేరుకున్న బండ్లు మన రోడ్లపై తక్కువేమీ కావు. అటువంటివి కనబడితే డ్రైవరుకు చెప్పడంలో తప్పు లేదు.

ఇంట్లో ఎవరికైనా పురుగుమందు సోకితే, అది మందు కొడుతూ జరిగినా సరే, తడిసిన బట్టలు విప్పి ఒళ్ళు సబ్బుతో కడగండి. కడిగేవారు తమ చేతులకు అంటకుండా చూసుకోవాలి. ఉప్పునీళ్ళు త్రాగించి వాంతి చేయించవద్దు. ఖాళీ డబ్బానైనా ప్లాస్టిక్ కవరులో చుట్టి తీసుకురండి. అది వీలుకాకపోతే చీటీకి సెల్‌ఫోనులో ఫోటో తీయండి. చీటీ చిరిగిపోయి ఉంటే కొన్న షాపు బిల్లులో పేరు ఉంటుంది. రోగిని తీసుకువచ్చేవారు షాపు దగ్గర ఆగనక్కరలేదు, ఇంటి దగ్గర ఉన్నవారు షాపుకు ఫోను చేసి పేరు కనుక్కుని మాకు చెబితే చాలు.