గొడ్డలి కామ మార్చడం

గొడ్డలి చెట్లు నరకడానికి, కట్టెలు చీల్చడానికి ఉపయోగించే పనిముట్టు. సంస్కృతంలో దీనిని పరశువు, కుఠారము అంటారు. దీనిలో ఇనుప భాగము, దానికి తొడిగే కర్రపిడి అని రెండు భాగాలుంటాయి. ఈ పిడినే కామ అంటారు. ఇనుప భాగం తరాల పాటు నిలుస్తుంది. కామ మాత్రం కొన్నేళ్ళకు విరుగుతుంది లేదా వదులవుతుంది. కనుక కామ విరిగిన పాత గొడ్డలి పనికిరానిదని భావించరాదు. అయితే కామ సరిగా బిగించని గొడ్డలి చాలా ప్రమాదకరము. వేటు వేసేటప్పుడు ఇనుము ఊడి ఎగిరితే దగ్గరున్నవారికి ప్రాణాపాయం కలుగవచ్చును.

ప్రాంతీయ నేపథ్యం

గుంటూరు జిల్లాలోని తెనాలి, 2022 ఏప్రిల్ 4న ఏర్పడిన బాపట్ల జిల్లాలోని బాపట్ల, రేపల్లె పట్టణాలు కృష్ణా పశ్చిమ డెల్టా ప్రాంతానికి చెందినవి. ఇక్కడ గట్ల మీద తుమ్మ, సముద్రతీరపు ఇసుక నేలల్లో సరుగుడు పెరుగుతాయి. ఈ తీరానికి తుఫానులు కొత్త కాదు. 1977 నవంబరు 19 నాటి ఉప్పెన, 2023 డిసెంబరు 5న బాపట్ల సమీపంలో తీరం దాటిన మిచాంగ్ తుఫాను ఇందుకు ఉదాహరణలు. యంత్ర రంపాలు వచ్చినప్పటికీ, దారికి అడ్డంగా పడిన చెట్టును తొలగించడానికి పల్లెల్లో ముందుగా చేతికందేది గొడ్డలే.

సముద్రపు గాలిలోని తేమ, ఉప్పు వలన ఇనుము త్వరగా తుప్పు పడుతుంది. కర్ర వానాకాలంలో తేమను పీల్చి ఉబ్బుతుంది. రోహిణీ కార్తె ఎండలకు ఆరి కుదించుకుపోతుంది. అందుచేత వానాకాలంలో బిగువుగా ఉన్న కామ వేసవిలో వదులు కావచ్చును.

పాత గొడ్డలిని ఎంచుకోవడం

పాత ఇనుప సామాను కొట్లలో గొడ్డలి కొనేటప్పుడు మూడు విషయాలు గమనించాలి.

* కామ దూర్చే కన్నము చుట్టూ పగులు ఉండరాదు. పగులు ఉన్నదానిని ఎంత చౌకైనా తీసుకోరాదు.
* వెనుక భాగం సమ్మెట దెబ్బలకు నలిగి, అంచులు విచ్చుకొని ఉండరాదు.
* వాదర మరీ అరిగిపోయి ఉండరాదు. కొన్ని నాటు గొడ్డళ్ళలో వాదర వద్ద మాత్రమే ఉక్కు అతికి ఉంటుంది. అది అరిగిపోతే మిగిలిన మెత్తని ఇనుము పదును నిలుపుకోదు.

తుప్పు తొలగించడం

పలుచని తుప్పును కిరసనాయిలు పూసి, ఇటుక పొడితో రుద్ది తీయవచ్చును. మందమైన తుప్పు ఉంటే చింతపండు గుజ్జు పట్టించి కొన్ని గంటలు ఉంచాలి. చింతపండులోని ఆమ్లము తుప్పును కరిగిస్తుంది. తరువాత నీటితో బాగా కడిగి, వెంటనే తుడిచి ఆరబెట్టి, నూనె రాయాలి. ఆమ్లము మిగిలితే ఇనుము మళ్ళీ తుప్పు పడుతుంది.

విరిగిన కామను తీయడం

కన్నములో ఇరుక్కున్న ముక్కను తీయడానికి గొడ్డలిని నిప్పులో వేయడం కొందరి అలవాటు. ఇది సరికాదు. కమ్మరి వాదరను ఎర్రగా కాల్చి నీటిలో ముంచడం వలన ఉక్కు గట్టిపడి ఉంటుంది. మళ్ళీ అదుపు లేకుండా వేడి తగిలితే ఆ గట్టితనం పోతుంది. సుమారు 300 డిగ్రీల సెల్సియస్ వద్ద మెరుగు పెట్టిన ఉక్కు నీలి రంగుకు తిరుగుతుంది. అలా తిరిగిన వాదర త్వరగా మొద్దుబారుతుంది. కనుక కర్రను కోసివేసి, మిగిలిన ముక్కకు రంధ్రాలు వేసి, ఇనుప కడ్డీతో కొట్టి బయటికి నెట్టాలి.

కర్ర ఎంపిక

కామకు గట్టిదనంతో పాటు దెబ్బను తట్టుకొనే సాగుడు గుణం కావాలి. నల్ల తుమ్మ చేవ ఇందుకు అనువైనది. సరుగుడు గట్టిదే కాని ఎండేటప్పుడు నిలువునా చీలే స్వభావం గలది. పచ్చి కర్రతో కామ చేయరాదు. అది ఆరిన తరువాత సన్నబడి వదులవుతుంది. కర్రలోని చారలు ఒక చివర నుండి మరొక చివర వరకు తిన్నగా సాగాలి. చారలు మధ్యలో పక్కకు తొలగిపోయిన చోటనే కామ విరుగుతుంది. ముడులున్న కర్ర పనికిరాదు.

కామ బిగించడం

కామ కొనను బాడిసతో చెక్కి, కన్నములో బిగువుగా పట్టేటట్లు చేయాలి. పై కొనలో రంపంతో నిలువుగా ఒక గాటు పెట్టాలి. ఇనుమును తొడిగిన తరువాత, అది కిందికి వేలాడేటట్లు గొడ్డలిని తలకిందులుగా పట్టుకొని కామ అడుగును కొయ్య సుత్తితో కొట్టాలి. జడత్వం వలన ఇనుము ఉన్నచోటనే నిలువగా, కామ దానిలోకి దిగుతుంది. చివరగా ఎండిన గట్టి కర్రతో చేసిన చీలను గాటులోకి దిగగొడితే కామ కొన విచ్చుకొని ఇనుమును పట్టుకుంటుంది.

వదులైన గొడ్డలిని నీటిలో నానబెట్టడం పల్లెల్లో వాడుక. నానిన కర్ర ఉబ్బి అప్పటికి బిగుస్తుంది. అయితే ఉబ్బేటప్పుడు ఇనుము ఒత్తిడికి కర్ర నలుగుతుంది. ఆరిన తరువాత మునుపటి కంటే ఎక్కువ వదులవుతుంది. దీనికంటే కొత్త చీల వేయడం మేలు.

పదును, సంరక్షణ

వాదరను మొదట ఆకురాయితో, పిదప సానరాయితో రెండు వైపులా సమానంగా పదును పెట్టాలి. తిరుగుడు సాన వాడితే మాటిమాటికి నీటిలో ముంచి చల్లార్చాలి. కామకు అవిసె నూనె పట్టిస్తే తేమ అంతగా పీల్చదు. పనికి ముందు ప్రతిసారీ ఇనుమును చేతితో కదిలించి చూడాలి. ఏమాత్రం కదిలినా వాడరాదు.

ఇవి కూడా చూడండి

* కమ్మరి
* వడ్రంగి
* నల్ల తుమ్మ