పాప్‌కార్న్ బండి కథ

నిజామాబాద్ జిల్లాలో సిరికొండ, ఆర్మూర్ పక్కల పసుపు చేన్లు తెలిసినవాళ్లకు మక్కలు కొత్త కాదు. వానాకాలం మొదట్లో పసుపు పెట్టాక సాళ్ల నడుమ మక్కలు వేస్తారు. పసుపుకు కాస్త నీడ, రైతుకు ముందుగా చేతికందే నాలుగు రూపాయలు. ఇంత మక్క పండే చోట కూడా పాప్‌కార్న్ గింజలను కిరాణా కొట్టులోనే కొనుక్కోవాలి. చేను నుంచి తెచ్చిన హైబ్రిడ్ మక్కలను మూకుడులో వేసి చూడండి. కొన్ని పగులుతాయి, చాలావరకు మాడిపోతాయి.

కోళ్ల దాణాకు, పిండికి పోయే మక్కగింజలో మెత్తటి పిండి ఎక్కువ. వేడెక్కినప్పుడు లోపల పుట్టిన ఆవిరిని దాని పొట్టు పట్టి ఉంచలేదు. పేలే రకం గింజ చిన్నది, రాయిలా గట్టిది. లోపలి పిండి గాజులా బిగుసుకుని ఉంటుంది, పొట్టులో ఆవిరి పోయే సందు ఉండదు. బరువులో సుమారు 14 శాతం తేమ ఉంటే ఆ గింజ సిద్ధంగా ఉన్నట్టే. వేడి 100 డిగ్రీలు దాటినా నీరు బయటపడలేదు. పిండి మెత్తబడి జావలా మారుతుంది, ఒత్తిడి పెరుగుతూ పోతుంది. కుక్కర్ విజిల్ వేసేటప్పుడు లోపలి ఒత్తిడి వాతావరణ పీడనానికి రెండింతలు ఉంటుంది. ఈ చిన్న గింజలో అది తొమ్మిది రెట్లకు చేరుతుంది. 180 డిగ్రీల దగ్గర పొట్టు ఓడిపోతుంది. ఆవిరి ఒక్కసారిగా విస్తరిస్తుంటే జావ నురగలా పొంగి, చల్లబడి, అలాగే గట్టిపడుతుంది. 2015లో ఫ్రాన్స్‌కు చెందిన వీరో, పొనొమరెంకో అనే ఇద్దరు శాస్త్రవేత్తలు హైస్పీడ్ కెమెరాతో ఈ క్షణాన్ని పట్టుకుని, ఆ టప్పుమనే చప్పుడు పొట్టు చిట్లడం వల్ల కాదని, తప్పించుకున్న ఆవిరిదని తేల్చారు.

అంటే గింజ చుట్టూ అన్ని వైపులా ఒకేలా వేడి తగలాలి. ఒక పక్కే కాలితే అటువైపు పొట్టు ముందే చిట్లి ఆవిరి కారిపోతుంది. ఈ సంగతి మన ఊళ్లకు ఎప్పటినుంచో తెలుసు. తొలి ఏకాదశికి జొన్న పేలాలో, మక్క పేలాలో చేసి, బెల్లం కలిపి దంచి పేలాల పిండి చేస్తారు. పేలాలు వేయించేవాళ్లు మట్టి పెంకలో ఇసుక పోసి బాగా కాల్చి గింజలు అందులో వేస్తారు. కాలిన ఇసుక గింజను చుట్టుముడుతుంది. ఆ తర్వాత జల్లెడ పడితే ఇసుక కిందికి, పేలాలు పైకి. అంతకన్నా శుద్ధమైన ఇంజనీరింగ్ ఏముంటుంది?

అమెరికాలో 19వ శతాబ్దంలో పాప్‌కార్న్‌ను ఎక్కువగా తీగల బుట్టలో పోసి నిప్పు మీద ఊపేవారు. కొన్ని మాడేవి, కొన్ని పేలకుండా మిగిలేవి, ఉప్పేమో అంటుకునేది కాదు. ఇల్లినాయ్ రాష్ట్రంలోని డెకేటర్‌లో మిఠాయి దుకాణం నడుపుకునే చార్లెస్ క్రెటర్స్ ఒక పల్లీలు వేయించే యంత్రం కొన్నాడు. పనితీరు నచ్చక తనే వేరొకటి తయారుచేసుకున్నాడు. 1885లో చికాగోలో కంపెనీ పెట్టాడు. ఆవిరి ఇంజన్‌తో నడిచే ఆ యంత్రానికి తర్వాత పాప్‌కార్న్ కూడా జోడించాడు. అక్కడే అతని అసలైన తెలివి కనిపిస్తుంది. గింజలను నేరుగా కొవ్వులోనే పేల్చాడు. మూడింట రెండు వంతులు పంది కొవ్వు, ఒక వంతు కాచిన వెన్న, అందులోనే ఉప్పు. మనవాళ్ల ఇసుక చేసే పనిని అక్కడ కాగిన కొవ్వు చేసింది, పైగా రుచినీ ఉప్పునూ గింజకు పట్టించింది.

1893 చికాగో ప్రపంచ ప్రదర్శనలో క్రెటర్స్ తన బండిని జనం ముందు పెట్టాడు. వివేకానందుడు మాట్లాడిన సర్వమత సమ్మేళనం ఆ ప్రదర్శనలో భాగంగానే జరిగింది. అదే ఏడు ఫిబ్రవరిలో ఆయన సికింద్రాబాద్ మహబూబ్ కాలేజీలో ఉపన్యసించి, తర్వాత అటు వెళ్లారు. ఆ పాప్‌కార్న్ ఆయన రుచి చూశారో లేదో గాని, బండి చుట్టూ మాత్రం జనం మూగారు. చక్రాల మీద కదిలే బండి కాబట్టి అది జనం ఎక్కడుంటే అక్కడికి పోయింది.

సినిమా హాళ్లు మొదట దాన్ని గుమ్మం దాటనివ్వలేదు. ఖరీదైన తివాచీలు పాడవుతాయని, మూకీ సినిమాకు నమిలే చప్పుడు అడ్డమని భయం. 1927 తర్వాత టాకీలు వచ్చాయి, చప్పుడు సమస్య పోయింది. ఆ వెంటనే వచ్చిన ఆర్థిక మాంద్యంలో అయిదు, పది సెంట్లకు దొరికే పొట్లం సామాన్యుడికి అందే విలాసమైంది. నష్టాల్లో ఉన్న హాళ్లకు అదే ఊపిరి పోసింది. రెండో ప్రపంచ యుద్ధంలో చక్కెర కరువై మిఠాయిలు తగ్గాయి, దాంతో పాప్‌కార్న్‌కు ఎదురే లేకపోయింది.

ఇప్పుడు మల్టీప్లెక్స్‌లో గాజు పెట్టెలో వేలాడే గిన్నెను దగ్గరనుంచి గమనించండి. అడుగున తిరిగే కడ్డీ గింజలను ఒకచోట నిలవనీయదు. పేలినవి పొంగి మూతను నెట్టుకుని బయటికి దొర్లుతాయి, ఆవిరిలో నానవు. పిడి పట్టి వంచితే మిగిలినవీ కిందికి పడతాయి. పేలని గింజలు చిల్లుల పలక నుంచి జారిపోతాయి. కలపడం, ఆవిరిని వదిలేయడం, పేలిన వెంటనే బయటికి పంపడం: ఈ మూడూ మన వంటింట్లో చేయలేనివి కావు.

మూడు వంతుల గింజలకు ఒక వంతు నూనె కావాలి. అమెరికా హాళ్లలో కొబ్బరినూనె ఎక్కువగా వాడతారు. మనకు నెయ్యి ఉంది, క్రెటర్స్ కాచిన వెన్న కూడా దాదాపు అదే. పచ్చి వెన్న వద్దు, అందులోని పాల పదార్థం గింజ పేలేలోపే మాడుతుంది. దళసరి అడుగున్న గిన్నెలో నెయ్యి కాచి మూడు గింజలు వేయాలి. అవి పేలాక మిగతావి పోసి, ఒక అర నిమిషం పొయ్యి మీంచి దించి ఉంచితే గింజలన్నీ ఒకే వేడికి వస్తాయి. మళ్లీ పొయ్యి మీద పెట్టి మూత కొంచెం తెరిచి ఊపుతూ ఉండాలి. కుక్కర్‌లో చేస్తే వెయిట్, రబ్బరు తీసేయాలి, మూత బిగించకూడదు. ఉప్పును మిక్సీలో పిండిలా పట్టకపోతే గిన్నె అడుగునే మిగిలిపోతుంది. హాలు రుచిలో సగం ఆ సన్నటి ఉప్పుదే.

పసుపు రంగు సంగతికొస్తే, అక్కడ దాన్ని నూనెలో కలిపే రంగులతో తెస్తారు. నిజామాబాద్ జిల్లాలో దానికోసం వెతుక్కోనక్కర్లేదు. పసుపులోని కుర్కుమిన్ నీటిలో కరగదు, కొవ్వులో కరుగుతుంది. చిటికెడు పసుపు నెయ్యిలో వేసి గింజలు పోస్తే రంగు ప్రతి పువ్వుకూ పాకుతుంది. చిటికె దాటితే మాత్రం చేదొస్తుంది.

ఒక్క జాగ్రత్త మిగిలింది. ఎండాకాలంలో తెరిచి ఉంచిన గింజలు తేమ పోగొట్టుకుంటాయి, ఎంత మంచి నెయ్యి పోసినా సరిగా పేలవు. అలాంటివాటిని సీసాలో పోసి, పావుకిలోకు చెంచా నీళ్లు చిలకరించి, మూత బిగించి రోజుకు ఒకట్రెండుసార్లు కుదుపుతూ నాలుగైదు రోజులు ఉంచితే చాలావరకు మళ్లీ పేలతాయి.