మేక ముట్టని కంచె

అనంతపురం పల్లెల్లో కంచె అంటే ముందు గుర్తొచ్చేది కంప. సర్కారు తుమ్మ కొట్టి, ఈడ్చుకొచ్చి, పెరటి చుట్టూ పేరుస్తారు. కొన్నాళ్లకు చెదలు పడుతుంది. మళ్లీ కొడవలి, మళ్లీ ముళ్లు. ఇనుప తీగ పశువును ఆపుతుంది గానీ గాలిని ఆపదు. రామగిరి గుట్టల మీద మరలు తిప్పే గాలి, పెరట్లో టమాటా నారును ఊరికే వదులుతుందా? పోనీ గోడ కడదామంటే, గాలి దానిమీదుగా ఎగిరి అవతల సుడి తిరుగుతూ దిగుతుంది. మొక్కల కంచె జల్లెడలాంటిది. కొంత ఆపి, కొంత వదిలి, మొత్తం జోరు తగ్గిస్తుంది. ఆ రక్షణ కంచె ఎత్తుకు సుమారు 10 రెట్ల దూరం వరకు అందుతుంది.

అయితే ఇక్కడ ఏడాదికి పడేది సగటున 550 మిల్లీమీటర్ల వానే. దానికి తోడు మేకలు. నర్సరీలో పచ్చగా కనబడినదల్లా తెచ్చి నాటితే వాటికి మేత పెట్టినట్టే.

చేను గట్టుకైతే నా ఓటు కిత్తనారకే. మెక్సికో నుంచి వచ్చిన ఈ మొక్క మన ఎండకు ఎందుకు లొంగదంటే, ఇది రాత్రిపూట గాలి పీలుస్తుంది. చీకటి పడ్డాక ఆకు రంధ్రాలు తెరిచి కార్బన్ డయాక్సైడ్‌ను ఆమ్లంగా మార్చి దాచుకుంటుంది. తెల్లారాక తలుపులు బిడాయించుకుని, ఆ సరుకుతోనే ఎండలో వంట చేసుకుంటుంది. నీరు ఆవిరయ్యే దారి పగలు దాదాపు మూతపడినట్టే. ఒకే ఒక్కసారి పూసి చస్తుంది, నిజమే. ఆ ఖాళీని పిలకలు పూడుస్తాయి. నాగజెముడు మాత్రం వద్దు. అది ఎంతగా పాకిపోయిందంటే, దక్షిణ భారతంలో దాన్ని అదుపు చేయడానికి 1926లో సింహళం నుంచి కొచినీల్ పురుగును తెప్పించాల్సి వచ్చింది.

ఇంటి పెరటికి వావిలి మేలు. ఆ ఆకు ఘాటుకు పశువులు మూతి తిప్పుకుంటాయి. అడుగున్నర లోతు కాలువ తీసి, మట్టీ పశువుల ఎరువూ కలిపి నింపండి. పైన జానెడు ఖాళీ వదిలితే పారే వాననీరు అందులోనే ఇంకుతుంది. మొదటి ఏడాది రోజూ చెంబెడు పోయడం కంటే వారానికోసారి నిండుగా తడపడం మంచిది. తడిని వెతుక్కుంటూ వేరు కిందికి దిగుతుంది.

మోకాలెత్తు రాగానే తల కత్తిరించాలి. అందరూ జంకేది ఇక్కడే. కొనలో తయారయ్యే ఆక్సిన్ అనే హార్మోను పక్కమొగ్గలను అణచి ఉంచుతుంది. కొన తెగితే అవి చిగురిస్తాయి, కంచె మొదట్లోనే గుబురు కడుతుంది. జాలిపడి వదిలేస్తే పైన ఆకులు, కింద మేకపిల్ల దూరే సందులు.

ఈ సీమలో వాన ఎక్కువగా పడేది సెప్టెంబరులో. కాలువ ఆలోపే తవ్వి ఉంచండి. అందులో నాటే వావిలి కొమ్మలకు డబ్బు పెట్టనక్కర్లేదు, ఏ వాగు గట్టున వెతికినా దొరుకుతాయి.